జిప్సీ కొన్న మేనకోడలికి

చిట్టీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు పాత మారుతి జిప్సీ జీపు కొంది, దాన్నేసుకుని మారేడుమిల్లి మీదుగా చింతూరు పోతుందట, నువ్వన్నా చెప్పు" అంది. చెప్పమన్నది వద్దని. నాకేమో నవ్వొచ్చింది. ఏడేళ్లప్పుడు రాజమండ్రిలో నా షెడ్డుకొచ్చి, బండి కింద దూరి టెస్ట్ ల్యాంపు పట్టుకుని "మామయ్యా, వెలిగింది!" అని అరిచినదానివి, బండి కొనక నగలు కొంటావా? 1998 మోడల్ కార్బ్యురేటర్ బండి అని విని ఇంకా సంతోషించాను. ఆర్సీ రెన్యువల్ తేదీ చూసుకునే కొన్నావు కదా?

తర్వాత నీ వాట్సాప్ చూశాను. ఆఖరి లైను చదివాక రాత్రంతా నిద్ర లేదు. "ఏముంది మామయ్యా, బ్యాటరీ నుంచి డైరెక్టుగా ఒక వైరు లాగేస్తా" అని రాశావే, ఆ లైను. దాని సంగతి తర్వాత.

ముందు, టైర్లకి గాలి కొట్టే పంపు సాకెట్లో సరిగా ఆడట్లేదని నువ్వు పంపిన అంకెలు. ఇంజన్ ఆడుతుంటే బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. గాలి పంపు పెట్టి ఆన్ చేస్తే డ్యాష్‌బోర్డులో సిగరెట్ లైటర్ సాకెట్ దగ్గర 11.9. మెకానిక్ బ్యాటరీ మార్చమన్నాడు. మార్చకు. ఇంజన్ ఆడేటప్పుడు 13.8కీ 14.4కీ మధ్య ఉందంటే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తోంది. బ్యాటరీ మార్చమన్నవాడు మీటరు పెట్టి చూడలేదన్నమాట, అంతే.

బ్యాటరీ టెర్మినల్స్ వేడినీళ్లు పోసి తోమి బిగించు. సాకెట్ లోపల దుమ్ము తుడువు. ఇంకో ప్లగ్ పెట్టి చూడు. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

ఇక అసలు విషయం. ధవళేశ్వరం దగ్గర గేటు నిండా నీళ్లుంటాయి, కోనసీమ శివారు చేలకు మాత్రం చుక్క రాదు. గోదావరి ఎండిపోయిందా? లేదు, దారిలో కాలవ పూడింది. అందరూ తూములు మూసేస్తే శివారులో కూడా కాలవ నిండుగానే కనపడుతుంది. తూము తీసి పారించినప్పుడే బండారం బయటపడేది. కరెంటూ అంతే. సాకెట్లో ఏమీ పెట్టకుండా మీటరు పెడితే 14 చూపిస్తుంది, అంతా బాగుందనుకుంటావు. నువ్వు పంపు ఆన్ చేసి కొలిచావు చూడు, అక్కడ నాకు గర్వమేసింది. నా దగ్గర పనిచేసిన కుర్రాళ్లలో సగం మందికి అది తట్టేది కాదు.

14.1లో 11.9 పోతే 2.2. ఆ 2.2 వోల్టులు మాయం కాలేదు చిట్టీ. దారిలో ఎక్కడో వేడిగా మారుతున్నాయి. పంపు పది ఆంపియర్లు లాగుతుందనుకో, 22 వాట్లు. నీ బండి వెనక బ్రేక్ బల్బు 21 వాట్లు. ఒక నిమిషం వెలిగాక దాన్ని వేలితో ముట్టుకోగలవా? అలాంటి బల్బు ఒకటి నీ డ్యాష్‌బోర్డు వెనక, వైర్ల మధ్య, ఎక్కడుందో తెలియకుండా వెలుగుతోంది. అందుకే దాన్ని పక్కన పెట్టి కొత్త వైరు లాగడం కాదు, ముందు అదెక్కడుందో వెతకాలి.

వెతకడం కష్టం కాదు. సాకెట్‌ని కాస్త ముందుకు లాగి, వెనక టెర్మినల్స్ కనపడేలా చెయ్యి. మూడు మీటర్ల వైరు ముక్కతో మీటరు పిన్నుని పొడవు చేసుకో. పంపు నడుస్తుండగానే ఒక పిన్ను బ్యాటరీ ప్లస్ మీద పెట్టు, క్లాంపు మీద కాదు, సీసం మీదే. రెండోది సాకెట్ ప్లస్ మీద. మీటరు చూపించేది ప్లస్ దారిలో పోయిన వోల్టులు. అలాగే బ్యాటరీ మైనస్ నుంచి సాకెట్ మైనస్‌కి. రెండూ కలిపితే దాదాపు నీ 2.2 రావాలి. మైనస్ వైపు 0.2 దాటితే నేను ఊరుకోను. ప్లస్ వైపు అర వోల్టు దాకా ఓర్చుకుంటాను. మీటరు ఎర్ర వైరు మాత్రం ఆంపియర్ల రంధ్రంలో ఉండకూడదు. అలా ఉండగా బ్యాటరీకి పెట్టావో, మీటరే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

ఇప్పుడు ఆ డైరెక్ట్ వైరు సంగతి.

1989. ఒక కాంట్రాక్టరు దగ్గర పాత డీజిల్ జీపు ఉండేది. సాకెట్లో ఫోకస్ లైటు పెడితే మిణుగురు పురుగులా వెలిగేది. నేనప్పుడు ఇరవై నాలుగేళ్ల మొనగాణ్ణి. వెతకడం ఎందుకని బ్యాటరీ ప్లస్ నుంచి తిన్నగా సాకెట్‌కి వైరు లాగాను. ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకుకి చిల్లు పెట్టి అందులోంచి దూర్చాను. చిల్లుకి రబ్బరు బుష్ వెయ్యలేదు. ఫ్యూజ్ వెయ్యలేదు. ఇరవై నిమిషాల పని. లైటు పట్టపగల్లా వెలిగింది. ఓనరు మురిసిపోయి యాభై రూపాయలు ఎక్కువిచ్చాడు.

ఆ ఏడు శ్రీరామనవమికి అదే జీపు అడిగి తీసుకుని అందరం భద్రాచలం వెళ్లాం. కల్యాణం చూసి, చింతూరు దాటి ఘాట్ ఎక్కేసరికి చీకటి పడింది. ముందు వాసనొచ్చింది. బ్రేకులు కాలుతున్నాయనుకున్నాం. తర్వాత నా కాళ్ల దగ్గర పొగ. బండి ఆపించి తాళం తీసేశాను. పొగ ఆగలేదు. ఎందుకాగుతుంది, తాళంతో సంబంధం లేకుండా వేసిందే నేనాయె. రేకు అంచు ఊగి ఊగి వైరు తోలు కోసేసింది, లోపలి రాగి బాడీకి తగిలింది, బ్యాటరీలో ఉన్న బలమంతా ఆ వైరులోకి దూకింది. స్పానర్ల సంచీ సీటు కింద, సీటు మీద మీ అమ్మమ్మ, ఇద్దరు పిన్నులు, నిద్రలో. బానెట్ ఎత్తి ఉత్త చేత్తో వైరు పట్టుకుని పీకాను. ఊడింది. ప్లాస్టిక్ అరచేతికి అంటుకుని కూడా వచ్చింది.

రోడ్డు పక్క రాయి మీద కూర్చోబెట్టి మీ అమ్మ తన వోణీ చింపి కట్టు కట్టింది. దానికప్పుడు పంతొమ్మిది. "నాన్నకి చెప్పన్లే అన్నయ్యా" అంది. ఈ రోజు దాకా ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు నువ్వు నా చెయ్యి తిప్పి చూసి ఇదేంటని అడిగితే పూరీలు వేస్తూ కాల్చుకున్నానన్నాను. అబద్ధం. నిన్న "నువ్వన్నా చెప్పు" అని అది ఏ రాత్రి గుర్తొచ్చి అందో నాకు తెలుసు. నువ్వు పోయేది కూడా ఆ రోడ్డు మీదే.

తిట్టడం లేదు. వైరు లాగు, కానీ ఇలా లాగు. మైనస్ వైపు తేడా ఉంటే సాకెట్ మైనస్‌ని బండి బాడీకి కలిపే ఎర్త్ స్క్రూ విప్పి, కింద రంగూ తుప్పూ ఉప్పు కాగితంతో గీకి, మెరిసే రేకు మీద బిగించు. చాలా పాత బళ్లలో దోషం అక్కడే దొరుకుతుంది. ప్లస్ వైపైతే ఫ్యూజ్ బాక్సులో క్లిప్పులు పచ్చగా చిలుము పట్టాయేమో చూడు. అవి శుభ్రమైనా తగ్గకపోతే తాళం తిప్పే ఇగ్నిషన్ స్విచ్చి అరిగినట్టు. ఇన్నేళ్లలో ఒక్కో ఓనరు స్టీరియో ఒకటి, ఫాగ్ లైటు ఒకటి ఆ ఒక్క స్విచ్చికే తగిలించి ఉంటాడు. అప్పుడు రిలే వెయ్యి, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి. దాని కాళ్లకి నంబర్లుంటాయి. పాత సాకెట్ వైరు 86కి, ఎర్త్ 85కి, బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా 30కి, 87 నుంచి సాకెట్‌కి. 2.5 స్క్వేర్ మిల్లీమీటర్ల మందం వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజ్. ఆ ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి, డ్యాష్‌బోర్డు దగ్గర కాదు. అది కాపాడాల్సింది సాకెట్‌ని కాదు, వైరుని. ఎగిరిపోతోందని 30 ఆంపియర్లది వేశావంటే నాకు ఫోన్ చెయ్యకు. గాలి పంపుని మాత్రం క్లిప్పులతో నేరుగా బ్యాటరీకే పెట్టుకో, సాకెట్‌ని ఫోనుకీ చిన్నాచితకా వాటికీ ఉంచు.

ఘాట్లో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. బ్యాటరీ టెర్మినల్ విప్పే పదో నంబరు స్పానర్ సంచీలో కాదు, డ్రైవర్ డోర్ అరలో పెట్టుకో. ముందురోజు రాత్రి మా ఇంట్లో ఆగు. మీ అత్తయ్య పనసపొట్టు కూర చేస్తానంటోంది. బానెట్ ఎత్తి చూడకుండా నేనెలాగూ పంపను.

రేకు చిల్లుకి రబ్బరు బుష్ వేశాక ఒక ఫోటో పంపు. ఫ్యూజ్ డబ్బా మూత తీసి ఇంకొకటి తియ్యి. అందులో ఆంపియర్ల అంకె నాకు కనపడాలి.

మామయ్య