డిమ్‌లో ఉన్నా ఎదుటివాళ్లు లైట్లు కొడుతుంటే హెడ్‌లైట్ ఇంట్లో ఎలా సెట్ చేసుకోవాలి?

బంపర్ మార్పించినప్పటి నుంచీ డిమ్‌లో పెట్టినా ఎదురొచ్చేవాళ్లు లైట్లు కొట్టి తిడుతున్నారు, షెడ్‌కి వెళ్తే అంతా బాగానే ఉంది అంటున్నారు, ఇంట్లో సరిచేసుకోవచ్చా అని అడిగారు కదా. చేసుకోవచ్చు. నేను చేశాను, కాకపోతే మూడోసారికి గానీ కుదర్లేదు. మొదటి రెండుసార్లు ఎక్కడ చెడిందో కూడా చెప్తాను, ఆ తిప్పలు మీకు తప్పుతాయి.

నాది పదకొండేళ్ల స్విఫ్ట్, మామూలు హెచ్4 బల్బులు, అంటే ఒకే బల్బులో డిమ్‌కి ఒక ఫిలమెంట్, హై బీమ్‌కి ఇంకోటి. మీదీ అలాంటిదే అనుకుని రాస్తున్నా. ఎల్ఈడీ లైట్లు, ఆటో లెవెలింగ్ (లైటు ఎత్తు దానంతటదే సర్దుకోవడం) ఉన్న కొత్త బండైతే చెయ్యి పెట్టకండి, సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టి చేయించుకోండి.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు స్టీరింగ్ పక్కన 0, 1, 2, 3 అంకెలున్న చిన్న చక్రం ఒకటి ఉంటుంది, అది చూడండి. 0 అంటే లైటు అన్నిటికన్నా పైకి ఉన్నట్టు, అంకె పెరిగేకొద్దీ కిందికి దిగుతుంది. వెనక నలుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా వేశామంటే బండి వెనక్కి కూర్చుని ముక్కు పైకి లేస్తుంది, దానికోసం పెట్టిన చక్రం అది. మా బంధువుల్లో సగం మందికి అదెందుకో తెలీదు, ఒకాయనైతే ఏసీకి సంబంధించిందనుకున్నాడు. తర్వాత బల్బు. హెచ్4 బల్బు చుట్టూ మూడు చెవులుంటాయి, అవి సరిగ్గా వాటి గాడిలో కూర్చోవాలి. షెడ్‌లో కుర్రాడు తొందరలో వంకరగా నొక్కి స్ప్రింగ్ క్లిప్ బిగించేశాడంటే మీరు స్క్రూలు ఎంత తిప్పినా గోడ మీద గీత సరిగ్గా రాదు. మీరు బంపర్ మార్పించారు కాబట్టి ముఖ్యంగా చూడాల్సింది ఇంకోటి: లాంప్‌ని బాడీకి పట్టి ఉంచే ప్లాస్టిక్ చెవులు. బానెట్ ఎత్తి లాంప్‌ని చేత్తో మెల్లగా ఊపండి, కదిలితే చెవి విరిగినట్టే. నాకు జరిగింది అదే, విరిగినదాన్ని అలాగే బంపర్ కింద దాచి బిగించి పంపించారు. దాన్ని బాగుచేయించకుండా స్క్రూలు తిప్పడం దండగ, రెండు స్పీడ్ బ్రేకర్లు దాటగానే మళ్లీ మొదటికొస్తుంది.

ఇక లెక్క. డిమ్ లైటు నేరుగా ముందుకి కాకుండా కొంచెం కిందికి వాలి ఉండాలి, మామూలుగా వందకి ఒకటి, అంటే 5 మీటర్ల దూరంలో 5 సెంటీమీటర్లు. చాలా బండ్లకి లాంప్ మీద గానీ దగ్గర్లో ప్లేటు మీద గానీ 1.0%, 1.3% ఇలా అంకె అచ్చయి ఉంటుంది, ఉంటే దాన్నే పట్టుకోండి, 1.3 అయితే 5 మీటర్లకి ఆరున్నర సెంటీమీటర్లు. టైర్లలో గాలి సరిచూసి, డిక్కీ ఖాళీ చేసి, చక్రం 0లో పెట్టి, డ్రైవర్ సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టాలి. నేను మా బావమరిదిని కూర్చోబెట్టాను, గంటసేపు ఫోన్ చూసుకుంటూ హాయిగా కూర్చున్నాడు. లాంప్ నుంచి గోడకి 5 మీటర్లు కొలిచి బండి నిలబెట్టాలి. నా బండికి బల్బు మధ్యభాగం నేల నుంచి 70 సెంటీమీటర్లు వచ్చింది, కాబట్టి గోడ మీద 65 దగ్గర అడ్డంగా ఒక టేపు, ఒక్కో లాంప్‌కి ఎదురుగా నిలువుగా ఒక్కో టేపు.

మొదటిసారి ఇక్కడే బోల్తా కొట్టాను. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నీళ్లు పోవడానికి గోడ పక్కన నేల కొంచెం దిగి ఉంది, కంటికి తెలీదు. నేను గోడ మొదట్నుంచి 65 కొలిచాను, తీరా చూస్తే బండి నిలబడ్డ నేల కంటే అక్కడ 4 సెంటీమీటర్లు పల్లం. దాంతో 5 దిగాల్సిన లైటు 9 దిగింది. నాలుగు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది, కానీ 70 మీటర్ల దాకా పడాల్సిన వెలుగు 40 మీటర్ల లోపే నేలని తాకేస్తుంది. గంటకి 80లో పోతుంటే ఆ దూరం రెండు సెకన్లు కూడా పట్టదు. ఆ వారమే రాత్రి కోదాడ నుంచి లోపలికి మా ఊరి రోడ్డెక్కితే, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, మీద నల్ల పట్టా, చుట్టూ రాళ్లు, దాదాపు మీదికి పోయేదాకా కనపడలేదు. బ్రేకు తొక్కితే వెనక సీట్లో అమ్మ ముందుకి తూలింది.

ఆ కోపంలో ఇంటికి రాగానే కొలతా పాడూ లేకుండా రెండు స్క్రూలూ తిప్పి పైకి లేపేశా. రెండోసారి అదన్నమాట. దూరం బాగా కనిపించింది, మహా సంతోషం. విజయవాడ హైవే మీద మొదటి పావుగంటలోనే ప్రతి బస్సూ లైట్లు కొట్టింది, ఒక లారీ అయితే పక్కనుంచి పోయేదాకా హై బీమ్ తీయలేదు. మీకిప్పుడు జరుగుతున్నది ఇదే.

మూడోసారి మా బిల్డింగ్‌లో టైల్స్ వేస్తున్న మేస్త్రీని అడిగి నీళ్ల పైపు తెచ్చుకున్నా, లెవెల్ చూడ్డానికి వాడే సన్నటి పారదర్శక గొట్టం. ముందు బండి ముందు చక్రాల దగ్గరా, వెనక చక్రాల దగ్గరా నేల ఒకే మట్టంలో ఉందో లేదో చూసుకున్నా. తర్వాత పైపు ఒక కొస లాంప్ మధ్యకి, ఇంకో కొస గోడకి పెట్టి నీళ్లు ఆగినచోట గుర్తు పెట్టి, అక్కణ్ణించి 5 సెంటీమీటర్లు దిగి టేపు వేశా. గోడ దగ్గర నేలతో ఇక పనే లేదు.

స్క్రూలు లాంప్ వెనకాల ఉంటాయి, ఒకటి పైకీ కిందికీ, ఇంకోటి పక్కలకి. కొన్నిటికి స్టార్ స్క్రూడ్రైవర్, కొన్నిటికి చిన్న స్పానర్. ఏది ఎటు పోతుందో గుర్తు పెట్టుకోవాల్సిన పని లేదు, అర చుట్టు తిప్పి గోడ చూడండి, తెలిసిపోతుంది. గట్టిగా ఉంటే బలం పెట్టకండి, లోపల ప్లాస్టిక్ పళ్లే. ఒక లాంప్ చేసేటప్పుడు రెండోదానికి అట్టముక్క అడ్డం పెట్టండి, ఆనించొద్దు, వేడెక్కుతుంది. డిమ్ వెలుగు పైఅంచు గోడ మీద కుడి సగం అడ్డంగా సాఫీగా ఉండి, ఎడమవైపు ఏటవాలుగా పైకి లేస్తుంది, రోడ్డు ఎడమ అంచు కనపడ్డానికి. ఆ అడ్డ భాగం టేపు మీదికి రావాలి, వంపు మొదలయ్యే చోటు నిలువు టేపు దగ్గర ఉండాలి. వంపు కుడికి జరిగితే ఎత్తు సరిగ్గా ఉన్నా ఎదుటి డ్రైవర్ కళ్లలోనే కొడుతుంది. హై బీమ్‌ని విడిగా సెట్ చేయక్కర్లేదు, ఈ లాంపుల్లో డిమ్‌తోపాటే కదులుతుంది.

గోడ మీద అసలు గీతే లేకుండా వెలుగంతా చెదిరిపోయి కనిపిస్తే, ఎవరో బజారు ఎల్ఈడీ బల్బు పెట్టి ఉంటారు. హెచ్4లో డిమ్ ఫిలమెంట్ కింద చిన్న గిన్నెలాంటి అడ్డం ఉంటుంది, ఆ పదునైన అంచు దానివల్లే వస్తుంది. చౌక ఎల్ఈడీలలో వెలుగు పుట్టే చోటే మారిపోతుంది, స్క్రూలతో అది బాగుపడదు. తీసేసి 60/55 వాట్ల బల్బు వేయించండి.

అయ్యాక ఒక పరీక్ష. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వ రూల్ ప్రకారం, లాంప్‌కి 8 మీటర్ల ముందు, లాంప్ కుడి అంచుకి అర మీటరు పక్కన, 1.5 మీటర్ల ఎత్తులో కన్నున్న మనిషికి కళ్లు చెదరకూడదు. బావమరిదిని సీట్లోంచి లేపి అక్కడ నిలబెట్టాను, నేను స్టీరింగ్ దగ్గర కూర్చున్నా. నంబర్ ప్లేటు చదవమంటే గడగడా చదివాడు.

ఆ టేపులు మాత్రం పీకకండి, బల్బు మారిస్తే మళ్లీ కావాలి. మావి పీకేశారు, పెయింట్ వేయడానికొచ్చినవాళ్లు.