కారు గుద్దింది, మన బైకుకి ఇన్సూరెన్సు లేదు. నష్టపరిహారం వస్తుందా?

వస్తుందండి. ముందు ఆ భయం పక్కన పెట్టండి.

మీరు రాసిందాన్ని బట్టి సంగతి ఇదీ: మీ బావగారు, అక్కగారు బైకు మీద రావులపాలెం నుంచి కొత్తపేట వస్తుంటే, ఎదురుగా వచ్చే కారు ముందున్న లారీని దాటబోయి గుద్దేసింది. బావగారికి తొడ ఎముక విరిగి రాడ్డు వేశారు, అక్కగారికి చెయ్యి విరిగింది. మీ బైకు ఇన్సూరెన్సు గడువు ఎప్పుడో అయిపోయింది. కారాయన వచ్చి, ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టుకుంటాను, కేసు వద్దు, కాగితం మీద సంతకం పెట్టెయ్యండి అంటున్నారు.

ఆ సంతకం ఇప్పుడే పెట్టొద్దు. మా తమ్ముడికి కారు గుద్ది మడమ చితికినప్పుడు ఆసుపత్రి దగ్గర్నుంచి ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం తేల్చే కోర్టు) దాకా వెంట తిరిగినవాణ్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు ఇన్సూరెన్సు సంగతి. రోడ్డెక్కే ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, అంటే ఆ బండి వల్ల ఇతరులకి జరిగే నష్టానికి బీమా, ఉండి తీరాలని మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను చెబుతోంది. ఆ కారుకున్న పాలసీ సరిగ్గా మీ బావగారిలాంటి వాళ్ల కోసమే. డబ్బు కట్టాల్సింది ఆ కారు ఇన్సూరెన్సు కంపెనీ. మీ బైకుకి పాలసీ లేకపోవడం వేరే తప్పు. దానికి మొదటిసారైతే 2,000 రూపాయల జరిమానా పడొచ్చు. అంతేగానీ గుద్దిన కారు మీద మీకున్న హక్కు దాంతో పోదు. మీ పాలసీ లేనందువల్ల పోయేది మీ సొంత పాలసీ నుంచి రావాల్సిన బైకు రిపేరు ఖర్చు, ఓనర్ డ్రైవరుకి (బండి నడిపే యజమానికి) ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా. ఆ బీమా కూడా ప్రాణం పోతేనో, కాలో చెయ్యో కన్నో శాశ్వతంగా పోతేనో వచ్చేదే. ఎముక విరిగితే వచ్చేది కాదు. కారు నంబరు ఎం పరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి, వాళ్ల పాలసీ ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. ప్రమాదం జరిగిన రోజుకి అది నడుస్తూ ఉండాలి, అదే ముఖ్యం.

అక్కగారు వెనక కూర్చున్నారు కాబట్టి ఆవిడకేమీ రాదని ఎవరో అన్నారని రాశారు. అది తప్పు. ఆవిడ మీ బైకు మీద కాదు, కారు మీద అడుగుతున్నారు. ఇద్దరూ విడివిడిగా కేసు వేసుకోవాలి.

ఇక కాగితాలు. ఎఫ్‌ఐఆర్, వూండ్ సర్టిఫికెట్ (గాయాల వివరం), బండ్లని పరీక్షించే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, ఛార్జిషీటు, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు కావాలని ఏ ప్లీడరు గారైనా చెబుతారు. నేను ప్రత్యేకంగా చెప్పేది ఆసుపత్రిలో మొట్టమొదట రాసిన కాగితం గురించి. మా తమ్ముణ్ని తీసుకెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో, హడావిడిలో ఎవరు చెప్పారో ఏమో, "బండి మీంచి జారి పడ్డాడు" అని రాసుకున్నారు. తర్వాత కంపెనీ తరఫు ప్లీడరు ఆ ఒక్క ముక్క పట్టుకుని, కారు గుద్దనే లేదు, వీళ్లు తర్వాత కారుని ఇరికించారు అని వాదించారు. స్పాట్‌లో ఉన్న కొబ్బరికాయల వ్యాన్ డ్రైవరు వచ్చి సాక్ష్యం చెప్పాడు కాబట్టి బయటపడ్డాం. మీరు ఇవాళే వెళ్లి కేస్ షీటులో ఏం రాసి ఉందో చదివించుకోండి. తప్పుంటే డ్యూటీ డాక్టరు గారితో మాట్లాడండి. పోలీసులకిచ్చే స్టేట్‌మెంటులో కారు నంబరు, ఏ వైపు నుంచి వచ్చి ఎలా గుద్దిందో స్పష్టంగా చెప్పండి.

ఇప్పుడు అసలు సంగతి. సంతకం ఎందుకు వద్దంటున్నానో ఇక్కడే ఉంది.

మా తమ్ముడు కొబ్బరి దింపు తీసేవాడు. పొద్దున్నే మోకు, కత్తి పట్టుకుని బయల్దేరితే మధ్యాహ్నానికి తోటకి తోట దింపేసేవాడు. మడమ అతుక్కుంది, నడుస్తున్నాడు. మెడికల్ బోర్డు వారు ఇచ్చిన వైకల్యం శాతం చాలా తక్కువ. బయటివాళ్లకి చూస్తే బాగానే ఉన్నాడు. కానీ ఆ పాదం మడత పడదు, చెట్టు మీద పట్టు దొరకదు. ట్రిబ్యునల్లో మా ప్లీడరు గారు డాక్టరు గారిని ఒకటే అడిగారు: "ఈయన ఇక కొబ్బరిచెట్టు ఎక్కగలరా?" డాక్టరు గారు, "ఎక్కలేరు" అన్నారు. కేసు అక్కడ తిరిగింది.

2010లో వచ్చిన రాజ్ కుమార్, అజయ్ కుమార్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. డాక్టరు వేసిన శాతం వేరు, ఆ దెబ్బ వల్ల అతను చేసే పనిలో సంపాదన ఎంత పోయిందన్నది వేరు. ఆఫీసులో కూర్చుని పనిచేసే మనిషికీ, చెట్టెక్కే మనిషికీ ఒకే మడమ దెబ్బ ఒకలా తగలదు. మీ బావగారు తాపీ మేస్త్రీ అన్నారు. తొడ ఎముక వంకరగా అతికినా, కాలు కాస్త పొట్టిబడినా, పరంజా ఎక్కగలరా, గొంతుక్కూర్చుని ప్లాస్టరింగు చెయ్యగలరా అన్నది ఇవాళ ఎవరూ చెప్పలేరు. అది తేలకుండా లెక్క కట్టడం ఎలా?

లెక్క ఎలా ఉంటుందో ఉదాహరణకి చూడండి. వయసు 34, నెలకి 15,000 సంపాదన అనుకుందాం. 40 ఏళ్లలోపు, సొంతంగా పని చేసుకునేవాళ్లకి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు, అంటే 21,000. ఏడాదికి 2,52,000. ఏడాది సంపాదనని ఎన్ని రెట్లు చెయ్యాలో వయసుని బట్టి చెప్పే గుణకం 31 నుంచి 35 ఏళ్ల వాళ్లకి 16 కాబట్టి మొత్తం 40,32,000. పోయిన సంపాదన 20 శాతమే అంటే 8,06,400 వస్తుంది. పని తీరుని బట్టి 60 శాతం అని ఒప్పుకుంటే 24,19,200. చికిత్స ఖర్చులు, మంచం మీదున్నన్నాళ్ల కూలి, తోడున్న మనిషి ఖర్చు, బాధకి ఇచ్చేది, రేపు రాడ్డు తీయించే ఆపరేషను, ఇవన్నీ విడిగా. ఆసుపత్రి బిల్లు కడతానన్న కారాయన మాటకీ, దీనికీ ఎంత దూరమో మీరే చూడండి.

కారాయన మంచివారే కావచ్చు. ఆయనకి నెమ్మదిగా చెప్పండి, పాలసీ ఉంటే ఈ డబ్బు కంపెనీ కడుతుంది, మీ జేబులోంచి కాదు అని. డ్రైవరు మీద క్రిమినల్ కేసు మాత్రం వేరే దారిలో నడుస్తుంది.

అదే మోటారు వాహనాల చట్టం 164 సెక్షను కింద, తప్పెవరిదో చూడకుండా తీవ్ర గాయానికి 2.5 లక్షలు ఇస్తారు. త్వరగా వచ్చేస్తుందని దానికి ఒప్పుకుని తీసుకుంటే మాత్రం పూర్తి పరిహారం కోసం 166 సెక్షను కింద ట్రిబ్యునల్లో వేసిన కేసు రద్దవుతుంది. పూర్తిగా నయమయ్యే దెబ్బలకి పర్వాలేదు గానీ, బావగారికి నేనైతే వద్దంటాను. లోక్ అదాలత్‌లో రాజీ కూడా మంచిదే, కానీ వైకల్యం తేలాకే. అక్కడ కుదిరిన రాజీ మీద అప్పీలు ఉండదు.

కేసు మీరు ఉండే ఊరి పరిధిలోని ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చు. ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలల్లోపు వేసెయ్యాలని 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన. వైద్యం పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. ముందు కేసు వేసి, వైకల్యం సర్టిఫికెట్ తర్వాత పెట్టొచ్చు. ఆసుపత్రి వరండాలో తిరుగుతూ ఖాళీ వకాల్తా (ప్లీడరుకి కేసు అప్పగించే కాగితం) మీద సంతకాలు పెట్టించుకునే మధ్యవర్తుల్ని దగ్గరికి రానివ్వకండి. ఫీజు కష్టమైతే కోర్టులో ఉండే న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడర్ని ఇస్తారు, కాబట్టి అక్కగారి కేసుకి అది తప్పకుండా వాడుకోండి.

మరొకటి, ఇది ఆలస్యం చెయ్యొద్దు. కూలి పనికి జీతం స్లిప్పు ఉండదు. మా వాడి విషయంలో తోట రైతు గారి పద్దు పుస్తకమే పనికొచ్చింది, ఏ తేదీన ఎన్ని చెట్లు దింపాడు, ఎంతిచ్చారు అన్నీ అందులో ఉన్నాయి. బావగారు ప్రమాదానికి ముందు ఎవరి ఇంటి పని మీద ఉన్నారో వాళ్లని ఈ వారంలోనే కలవండి. రోజుకి ఎంతిచ్చారో, ఎన్నాళ్లు చేశారో రాసిన కాగితం గానీ, ఫోన్‌పేలో పంపిన డబ్బుల వివరాలు గానీ తీసుకుని దాచండి. వాళ్లు వచ్చి సాక్ష్యం చెబుతారేమో కూడా ఇప్పుడే అడిగి ఉంచుకోండి.