జెర్రీ రైస్‌ను అత్యుత్తమ వైడ్ రిసీవర్ అని ఎందుకు అంటారు?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో వైడ్ రిసీవర్ పని, క్లుప్తంగా చెప్పాలంటే, వెంటాడే డిఫెండర్‌ను తప్పించుకుని క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని అందుకోవడం. దెబ్బలు ఎక్కువ కాబట్టి ఈ స్థానంలో చాలామంది కొన్నేళ్లకే తప్పుకుంటారు. రైస్ మాత్రం 1985 నుంచి 2004 వరకు ఇరవై సీజన్లు ఆడాడు.

ఆయన మిసిసిపీకి చెందిన తాపీమేస్త్రీ కొడుకు. అన్నదమ్ములు విసిరే ఇటుకలను పట్టుకుంటూ పెరిగాడు. ఆ చేతులకు బంతి ఒక లెక్కా! అయినా శాన్ ఫ్రాన్సిస్కో 49ఎర్స్‌లో తొలి ఏడాది క్యాచ్‌లు జారవిడిచి ప్రేక్షకుల ఎగతాళి కేకలు తిన్నాడు. తర్వాత అదే జట్టుతో మూడు సూపర్ బౌల్‌లు (లీగ్ ఫైనల్స్) గెలిచాడు.

కెరీర్ మొత్తంలో 1,549 క్యాచ్‌లు, వాటితో జట్టును ముందుకు నడిపిన దూరం 22,895 గజాలు. రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జ్‌జెరాల్డ్ 17,492 గజాల దగ్గరే ఆగాడు. ఈ తేడా చాలు, వేరే వాదన అక్కర్లేదు. నన్ను అడిగితే ఇంతకంటే ఆశ్చర్యం 2002 సీజన్: నలభయ్యో ఏట, ఓక్లండ్ రైడర్స్ తరఫున 1,211 గజాలు సాధించాడు. 2010లో ఈ ఆట దిగ్గజాలను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.