‘నీరసం’ అనడం మానేశాకే నా జబ్బు పేరు బయటపడింది

హుజూరాబాద్ దగ్గరి పల్లె నుంచి మీరు అడిగిన ప్రశ్న చదివాను. మీ అమ్మగారికి 54 ఏళ్లు. 7 నెలలుగా నీరసంగా ఉంటున్నారు, అన్నం సరిగా మింగుడు పడటం లేదు, బరువు తగ్గుతున్నారు. రక్తపరీక్షలన్నీ నార్మల్ అని వచ్చాయి కనుక ముగ్గురు డాక్టర్లు వయసు ప్రభావమనో, టెన్షన్ అనో చెప్పి విటమిన్ మాత్రలు రాసి పంపారు. డాక్టర్లు మన మాటను లెక్కలోకి తీసుకునేలా చేయడం ఎలా అన్నది మీ ప్రశ్న. నేను వైద్యురాలిని కాను, హనుమకొండ దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు పంతులమ్మను. అయితే 2022 డిసెంబరు నుంచి 11 నెలల పాటు ఇప్పుడు మీ అమ్మగారు కూర్చుంటున్న కుర్చీలోనే నేనూ కూర్చున్నాను కాబట్టి, నాకు జరిగినది చెప్తాను.

పదో తరగతి పిల్లలకు సాయంత్రం ప్రత్యేక తరగతులు మొదలైన రోజుల్లో నా గొంతు మారింది. పొద్దున మొదటి పీరియడ్‌లో పద్యం ఎప్పటిలాగే చదివేదాన్ని కానీ, సాయంత్రం ఐదు గంటలకు అదే పద్యం రెండో పాదం దాటేసరికి మాట ముక్కులోంచి వచ్చేది. పిల్లలు నవ్వితే నేనూ నవ్వి ఊరుకున్నాను. తరువాత ఒక ఆదివారం మాంసం కూర నములుతూ ఉంటే దవడ ఆగిపోయింది, గదవ కింద చెయ్యి పెట్టి ఎత్తి పట్టుకుంటే తప్ప నోరు మూసుకోలేదు. జడ వేసుకుంటుంటే చేతులు వాటంతట అవే కిందికి దిగేవి. రాత్రి టీవీలో వార్తలు చదివే అమ్మాయి ఇద్దరుగా కనిపించేది. విచిత్రం ఏమిటంటే, పడుకుని లేస్తే ఇవేవీ ఉండేవి కావు. తెల్లవారి లేచి అద్దంలో చూసుకుంటే నాకే నా మీద అనుమానం కలిగేది.

మొదట మా వీధిలోని ఆర్ఎంపీ గారు ‘ఏం లేదు టీచరమ్మా, రక్తం తక్కువున్నది’ అని గ్లూకోజు పెట్టారు. ఆ తరువాత ఒకరి వెనుక ఒకరుగా పట్టణంలోని ఐదుగురు డాక్టర్లను చూశాం. రక్తం, షుగరు, థైరాయిడ్, బీ12, డీ విటమిన్, చివరికి మెదడుకు ఎంఆర్ఐ, అన్నీ అయ్యాయి, అన్నీ బాగానే ఉన్నాయి. ఒక ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచుకుని సెలైన్లు ఎక్కించి పంపారు. ఒక పెద్దాయన నా వంక చూడకుండా మా ఆయన వైపు తిరిగి, ‘మేడం గారు ఎక్కువ ఆలోచిస్తున్నారు’ అని గుండెదడకు ప్రొప్రనొలాల్ రాశారు. అది వేసుకున్న వారంలో మెట్లెక్కడం కూడా కష్టమైంది. ఇంట్లో అత్తమ్మ దిష్టి తీసి తాయెత్తు కట్టించింది. ఆమెను నేనేమీ అనను, అప్పటికి ఆమె వైద్యానికీ మిగతావారి వైద్యానికీ ఫలితంలో తేడా లేదు.

ఇప్పుడు ఆ చీటీలన్నీ ముందు వేసుకుని చూస్తే నాకు కనిపించేది డాక్టర్ల నిర్లక్ష్యం ఒక్కటే కాదు. ఐదు చీటీల మీదా ఒకే మాట ఉంది: నీరసం. ఆ మాట వాళ్లకు చెప్పింది నేనే. మన భాషలో నీరసం చాలా పెద్ద సంచి. నిద్ర చాలకపోయినా, రక్తం తగ్గినా, మనసు బాగా లేకపోయినా, జ్వరం వచ్చి తగ్గినా, చెయ్యి లేవకపోయినా, అన్నిటినీ అందులోనే వేస్తాం. వైద్యులకు మాత్రం అలసిపోయినట్లు అనిపించడం వేరు, కండరం పని చేయకపోవడం వేరు. మొదటిదానికి కారణాలు వందల్లో ఉంటాయి, అందులో ఎక్కువ భాగం మామూలువే. రెండోదానికి కారణాలు కొన్నే, అవి వెతికితే దొరుకుతాయి. రోజుకు వందమందిని చూసే ఓపీలో నీరసం అన్న మాట వినగానే డాక్టరు చెయ్యి మొదటి జాబితా వైపే వెళ్తుంది. పాతికేళ్లుగా పర్యాయపదాల మధ్య తేడా బోధిస్తున్న నేను నా ఒంటి గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు ఒక్క మాటతో సరిపెట్టాను.

ఆ సంగతి నాకు బతుకమ్మ ఆడుతుండగా తెలిసింది. 2023 అక్టోబరులో ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఆడబిడ్డతో కలిసి వలయంలో నిలబడ్డాను. మొదటి పాట సగం వరకు చప్పట్లు కొట్టాను, తరువాత చేతులు ఛాతీ ఎత్తుకు కూడా రాలేదు. పక్కకు వచ్చి గద్దె మీద పావుగంట కూర్చున్నాక మళ్లీ లేచాయి, మళ్లీ సగం పాటకే పడిపోయాయి. దసరా సెలవులు, బడి గోల లేదు, పరీక్షల దిగులు లేదు, మనసంతా సంతోషంగా ఉంది. టెన్షనే కారణమైతే ఆ పూట ఇలా జరగకూడదు. వాడితే పడిపోతోంది, ఆపితే తిరిగి వస్తోంది అన్న రెండు మాటలు ఆ రాత్రే ఒక రూళ్ల నోటుబుక్కులో రాసుకున్నాను.

మూడు వారాలు రాశాను. ఎలా ఉంది అన్నది రాయలేదు, ఏ పని చేయలేకపోయాను అన్నది మాత్రమే రాశాను. ‘ఉదయం 7 గంటలకు జడ పూర్తిగా వేసుకున్నాను. రాత్రి 8 గంటలకు దువ్వెన నాలుగోసారి లేవలేదు. పది నిమిషాలు ఆగితే మళ్లీ నాలుగుసార్లు లేచింది.’ ‘మధ్యాహ్నం జొన్నరొట్టె సగం తిన్నాక నమలలేక మిగతాది చారులో నానబెట్టుకున్నాను.’ ఇలాంటి వాక్యాలే. మా అమ్మాయి నా ఎడమ కనురెప్ప సగానికి వాలి ఉన్నప్పుడు ఫోనులో వీడియో తీసింది, మర్నాడు పొద్దున కన్ను పూర్తిగా తెరుచుకున్నప్పుడు అదే చోట నిలబెట్టి మరొకటి తీసింది. ఈ రెండు వీడియోలు కలిపి నిమిషం కూడా ఉండవు కానీ, 11 నెలల నా మాటలకు లేని బరువు వాటికి వచ్చింది. దీనితోపాటు ఇంకొక పని చేశాం: అంతవరకు పొద్దున్నే టోకెన్ తీసుకునేవాళ్లం, అంటే జబ్బు లేని సమయం చూసుకుని మరీ డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లం. ఈసారి సాయంత్రం ఏడు గంటలకు అపాయింట్‌మెంట్ అడిగాం.

వెళ్లింది కొత్త డాక్టరు దగ్గరికి కాదు, ఐదుగురిలో మూడో ఆయన దగ్గరికే. నోటుబుక్కులోని మొత్తం ఆయన ముందు పెట్టకుండా ఒక్క పేజీకి కుదించి ఇచ్చాను. చదివి, వీడియో చూసి, పైకప్పు ఫ్యాను వైపు చూపు తిప్పకుండా చూస్తూ ఉండమన్నారు. నిమిషం గడవక ముందే ఎడమ రెప్ప జారింది. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, ‘మొదటిసారి వచ్చినప్పుడు ఇది చెప్పలేదు కదమ్మా’ అన్నారు. చెప్పలేదన్నది నిజమే. అడగలేదన్నదీ నిజమే. ఆయన అప్పటికప్పుడు హైదరాబాదు నిమ్స్‌లోని న్యూరాలజీ విభాగానికి ఉత్తరం రాసిచ్చారు. మేము తెల్లవారుజామున కాజీపేటలో రైలెక్కి వెళ్లడం వల్ల ఓపీలో కూర్చునేసరికి నేను మళ్లీ ఆరోగ్యవంతురాలిలా కనిపించాను. ఉత్తరమూ వీడియోలూ లేకపోతే అక్కడి నుంచి కూడా విటమిన్ మాత్రలతో తిరిగి వచ్చేదాన్నేమో.

జబ్బు పేరు మయస్థీనియా గ్రావిస్. నరం నుంచి కండరానికి కబురు అందే చోట, ఆ కబురు అందుకునే భాగాల మీద మన రక్షణ వ్యవస్థే దాడి చేస్తుంది కనుక, కండరం మొదట బాగానే పని చేసి వాడేకొద్దీ సత్తువ కోల్పోతుంది, విశ్రాంతి ఇస్తే తేరుకుంటుంది. ఎండకు ఎక్కువవుతుంది. ఆ ఏడాది మే నెల నన్ను ఎందుకు అంత కుంగదీసిందో అప్పుడు అర్థమైంది. దీనిని పట్టేది ఆ దాడి చేసే యాంటీబాడీల కోసం ప్రత్యేకంగా చేసే రక్తపరీక్ష, నరాల పరీక్ష. ఛాతీలోని థైమస్ గ్రంథిలో గడ్డ ఏమైనా ఉందేమోనని సీటీ స్కాన్ కూడా తీస్తారు. మెదడు ఎంఆర్ఐలో ఇది కనిపించదు, మామూలు రక్తపరీక్షలో అసలే కనిపించదు. ప్రొప్రనొలాల్ వంటి మందులు, అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్‌లు ఈ జబ్బును ఎక్కువ చేయగలవని కూడా అక్కడే చెప్పారు. పిరిడోస్టిగ్మిన్ మాత్ర మొదటిసారి వేసుకున్న గంటలోపు నేను పద్యం చదివి చూసుకున్నాను, నాలుగు పాదాలూ నా గొంతుతోనే వచ్చాయి.

మీ అమ్మగారికి ఇదే జబ్బు అని నేను అనడం లేదు, దయచేసి అలా అనుకోకండి. యూట్యూబులో చూసిన జబ్బు పేరుతో డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన ఆ పేరుతో వాదనకు దిగుతారు తప్ప మనిషిని చూడరు. పేరు చెప్పే పని ఆయనకు వదిలి, వివరం చెప్పే పని మీరు తీసుకోండి. రిపోర్టులన్నీ నార్మల్ అన్నప్పుడు, ఏ జబ్బుల కోసం వెతికారో అవి లేవన్నదే దాని అర్థం. కనుక ‘ఈ పరీక్షలతో ఏవి లేవని తేలింది, ఇంకా చూడనివి ఏవి ఉన్నాయి సార్?’ అని నెమ్మదిగా అడగండి. ఇచ్చిన మందుకు ఎన్ని రోజుల్లో తగ్గాలో, తగ్గకపోతే తరువాత ఏం చేస్తారో కూడా అడిగి, ఆ గడువు తేదీని చీటీ మీదే రాయించుకోండి. గడువు దాటితే అదే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నేను ప్రతిసారీ కొత్త డాక్టరును పట్టుకోవడం వల్ల ప్రతి ఒక్కరూ మొదటి అడుగే వేశారు, రెండో అడుగు వేసే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. రెండోసారి కూడా ఆయన వినకపోతే అప్పుడు మారండి, అందులో మొహమాటం అక్కర్లేదు. టెన్షన్ అన్న మాటకు కోపం తెచ్చుకోవద్దు, అది కూడా నిజమైన బాధే. కాకపోతే మిగతావి ఏమీ దొరకలేదు కాబట్టి టెన్షన్ అంటున్నారా, టెన్షన్ లక్షణాలు కనిపించి అంటున్నారా అని తెలుసుకునే హక్కు మనకుంది.

మీరు తప్పకుండా అమ్మగారితో లోపలికి వెళ్లండి. ఆడవాళ్లు చెప్పిన బాధనే పక్కనున్న మగమనిషి మళ్లీ చెప్తే బరువు పెరగడం నేను కళ్లారా చూశాను. నాకది ఇప్పటికీ మింగుడు పడని విషయం, అయినా మా ఆయన్ను వెంట తీసుకువెళ్లడం మానలేదు. అయితే ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా మీరు మధ్యలో మాట్లాడకండి. ఆసుపత్రిలో చేర్చిన సందర్భం ఉంటే కాగితాలన్నీ అడిగి తీసుకోండి. వైద్యుల వృత్తి నియమావళిగా 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం, రోగి గానీ రోగి అధికారమిచ్చిన వ్యక్తి గానీ అడిగితే 72 గంటల్లోపు రికార్డులు ఇవ్వాలి. నాకు సెలైన్లు ఎక్కించిన చోట నోటిమాటగా రెండుసార్లు అడిగితే ఇవ్వలేదు, తెల్లకాగితం మీద రాసి ఒక ప్రతి మీద అందినట్లు సంతకం అడిగేసరికి మర్నాడే ఇచ్చారు.

ఇక మీ అమ్మగారి విషయంలో నేనైతే మొదట పట్టుకునేది బరువును. పాత ఓపీ చీటీలు పారేయలేదు కదా, వాటి మీద ఒక మూలన ప్రతిసారీ బరువు రాసి ఉంటుంది. తేదీలవారీగా ఆ అంకెలను ఒక కాగితం మీద వరుసగా రాయండి. ప్రయత్నమేమీ లేకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపు బరువులో నూటికి 5 వంతులకు పైగా తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలకు మించి తగ్గితే, కారణం వెతకాల్సిందేనని వైద్యులకు తెలుసు. ‘బాగా చిక్కిపోయింది సార్’ అంటే తల ఊపి ఊరుకునే డాక్టరు, ఆ అంకెల వరుసను చూసి ఊరుకోవడం కష్టం. మింగడం గురించి కూడా అలాగే రాయండి: అన్నం ముద్ద ఒక్కటే అడ్డం పడుతోందా, గంజి, నీళ్లు కూడానా; గొంతులోనే ఆగుతోందా, రొమ్ము మధ్యకు దిగాక ఆగుతోందా; ముక్కులోంచి తిరిగి వస్తోందా; పొద్దునకూ రాత్రికీ తేడా ఉందా. ఒక్కొక్క జవాబు ఒక్కొక్క వైపు దారి చూపుతుంది. ముద్ద రోజురోజుకూ ఎక్కువగా అడ్డం పడుతుంటే ఎండోస్కోపీ (నోట్లోంచి సన్నని కెమెరా గొట్టం పంపి లోపల చూసే పరీక్ష) విషయం మీరే అడగండి, దానికి వచ్చే నెల దాకా ఆగవద్దు. నీళ్లు కూడా దిగకపోయినా, మింగుతుంటే పొలమారి ఊపిరి ఆడకపోయినా ఓపీ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

ఈ రాత్రి అమ్మగారు భోజనానికి కూర్చున్నప్పుడు ఆమెను అడిగి, మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా వీడియో తీసి, పక్కన గడియారం కనిపించేలా పెట్టండి. రేపు పొద్దున టిఫిను తినేటప్పుడు ఇంకొకటి తీయండి.