టీవీ ఆట అరచేతిలోకి వస్తే
(ప్రశ్న – జవాబు)

ప్రశ్న: టీవీకి కలిపే ప్లేస్టేషన్ లాంటి కన్సోల్ ఆటల్ని మొబైల్‌కి తేవడం అసలు మంచిదేనా? థియేటర్ సినిమాని ఫోన్‌లో చూసినట్టే ఉంటుందని మా అన్నయ్య వాదన.

జవాబు: ఆ పోలిక ఇక్కడ నిలవదు. సినిమాకి చూసేవాళ్ల వేళ్లతో పనిలేదు, ఆటకి వేళ్లే ప్రాణం. కంట్రోలర్ పట్టుకున్నప్పుడు ఎడమ బొటనవేలు మనిషిని నడుపుతుంది, కుడి బొటనవేలు చూపు తిప్పుతుంది, ఒక చూపుడువేలు గురిపెడుతుంది, రెండోది కాలుస్తుంది. ఒకే క్షణంలో నాలుగు వేళ్లకు నాలుగు పనులు. ఫోన్‌లో ఆటకి మిగిలేవి రెండు బొటనవేళ్లే. తక్కినవన్నీ ఫోన్ జారిపోకుండా కాపలా కాస్తుంటాయి.

అందుకే ముందు ఒక లెక్క వేయాలి. ఆ ఆటలో అన్నిటికన్నా హడావుడిగా ఉండే క్షణంలో ఒకేసారి ఎన్ని పనులు చేయాలి? రెండుకి మించకపోతే నిశ్చింతగా తేవచ్చు. వంతులవారీగా ఎత్తులు వేసే ‘సివిలైజేషన్ 6’, పొలం పనుల ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ ఫోన్‌లో చక్కగా ఒదిగింది ఇందుకే. మూడైతే ఒక పనిని ఆటే చూసుకోవాలి: గురి కుదరగానే తుపాకీ దానంతటదే పేలడం లాంటిది. నాలుగైతే కంట్రోలర్ లేకుండా ఆడేది కాదని స్టోర్ పేజీలో మొదటి వాక్యంగా రాయాలి. చాలా కంపెనీలు ఆ మాట రాయవు. తెర నిండా పద్నాలుగు బటన్లు అతికించి ‘టచ్‌లో కూడా ఆడుకోవచ్చు’ అంటాయి.

ఫోన్‌కి బలం ఉంటే సరిపోదనడానికి ఒకే ఇంటిపేరున్న రెండు ఆటలు చూడండి. ఫోన్ కోసమే కట్టిన ‘కాల్ ఆఫ్ డ్యూటీ: మొబైల్’ 2019లో వచ్చి నిలదొక్కుకుంది. కన్సోల్ అనుభవాన్ని ఉన్నదున్నట్టు ఫోన్‌లోకి దింపబోయిన ‘కాల్ ఆఫ్ డ్యూటీ: వార్‌జోన్ మొబైల్’ 2024 మార్చిలో వచ్చింది, 2025 మేలో స్టోర్ల నుంచి వెళ్లిపోయింది. మొబైల్ ఆటగాళ్ల నుంచి ఆశించిన ఆదరణ రాలేదని కంపెనీయే ఒప్పుకుంది. నింటెండో 2016లో ‘సూపర్ మారియో రన్’ తెచ్చినప్పుడు పాత మారియోని యథాతథంగా దించలేదు. పరుగు దానంతటదే సాగుతుంది, ఆడేవాళ్లు ఎగరడానికి తెరని తాకితే చాలు. ఒంటిచేత్తో ఆడే ఆట. మా దృష్టిలో తేవడమంటే అది.

ప్రశ్న: కొత్త ఫోన్ కొన్నాను. పెద్ద ఆట మొదటి పది నిమిషాలు సెకనుకి 60 ఫ్రేములతో (బొమ్మలతో) నడుస్తుంది, తర్వాత 40కి పడి కుదుపులు మొదలవుతాయి. ఫోన్ లోపమా?

జవాబు: లోపం కాదు, వేడి. ప్లేస్టేషన్ 5 ఆట నడిపేటప్పుడు సుమారు 200 వాట్లు తాగుతుంది, దాన్ని చల్లబరచడానికి పెద్ద ఫ్యాను ఉంటుంది. ఫ్యాను లేని ఫోన్ ఎక్కువసేపు మోయగలిగేది నాలుగైదు వాట్లు. మొదటి నిమిషాల్లో చిప్ అంతకన్నా ఎక్కువ వాడేస్తుంది. ఒళ్లు వేడెక్కాక మీ చెయ్యి కాలకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ప్రకటనల్లో కనిపించేదంతా ఆ మొదటి పది నిమిషాల వేగమే!

40 ఫ్రేములంటే తక్కువేమీ కాదు కదా, మరి కుదుపెందుకు? మీ తెర సెకనుకి 60 సార్లు మారేదైతే ఒక్కో మార్పుకి 16.7 మిల్లీసెకన్లు. 40 ఫ్రేముల్ని అందులో సమానంగా పంచడం కుదరదు. ఒక ఫ్రేము 16.7 నిలుస్తుంది, తర్వాతిది 33.3. కంటికి తగిలే కుదుపు ఆ హెచ్చుతగ్గే. 30 దగ్గర బిగిస్తే ప్రతి ఫ్రేమూ 33.3 మిల్లీసెకన్లే, నున్నగా సాగుతుంది. తెర సెకనుకి 120 సార్లు మారే 120 హెర్ట్జ్‌దైతే మాత్రం 40 కూడా నప్పుతుంది, ఒక్కో ఫ్రేముకి సరిగ్గా మూడు మార్పులు పడతాయి.

ఈ వరుసలో చేసి చూడండి. ఫోన్ కవరు తీసేయండి. ఛార్జింగ్ పెట్టి ఆడకండి, బ్యాటరీ నిండేటప్పుడు పుట్టే వేడి కూడా చిప్ నెత్తినే పడుతుంది. కొన్ని ఫోన్లలో బ్యాటరీని తప్పించి నేరుగా కరెంటుతో నడిపే బైపాస్ ఛార్జింగ్ ఉంటుంది, ఉంటే అది వాడండి. తెర వెలుతురు సగానికి దించండి. ఆట సెట్టింగుల్లో ముందు రిజల్యూషన్ తగ్గించండి, తర్వాత నీడల నాణ్యత, చివరికి ఫ్రేములు 30కి బిగించండి. ప్రతి మార్పు తర్వాతా ఇరవై నిమిషాలు ఆడి, ఆఖరి ఐదు నిమిషాల్లో ఎలా ఉందో చూసి తేల్చుకోండి. చల్లబడాలని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. బయటికి తీయగానే చల్లని ఫోన్ మీద తేమ పడుతుంది, లోపలికి దిగితే బోర్డు పోతుంది.

ప్రశ్న: ఎక్స్‌బాక్స్ పాత కంట్రోలర్ ఉంది. ఫోన్‌కి ఎంతకీ కలవదు.

జవాబు: మధ్యలో వెలిగే ఎక్స్‌బాక్స్ బటన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చూడండి. అది పై బంపర్ల (పైఅంచున చూపుడువేళ్లకు అందే బటన్ల) మెరిసే ముక్కలో భాగమైతే దానిలో బ్లూటూత్ లేదు, ఏంచేసినా ఫోన్‌కి వైర్‌లెస్‌గా కలవదు. ముందు భాగపు ప్లాస్టిక్‌తో ఒకటిగా ఉంటే బ్లూటూత్ ఉన్నట్టే. పైఅంచున ఉన్న చిన్న పెయిర్ బటన్‌ని లైటు గబగబా మెరిసేదాకా నొక్కిపట్టి, ఫోన్ బ్లూటూత్ జాబితాలో ఎంచుకోండి. ప్లేస్టేషన్ 5 కంట్రోలరైతే ముందు ఆపేసి, క్రియేట్ బటన్, పీఎస్ బటన్ కలిపి పట్టుకోవాలి. ఐఫోన్‌లో బ్లూటూత్ ఉన్న ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లకు 2019 నాటి ఐఓఎస్ 13 నుంచి, ప్లేస్టేషన్ 5 కంట్రోలర్‌కి 2021 నాటి ఐఓఎస్ 14.5 నుంచి మద్దతు మొదలైంది.

కలిసిన కంట్రోలర్ మర్నాడు మొరాయిస్తే, ఎవరో దాన్ని మళ్లీ కన్సోల్‌కి జతచేసి ఉండొచ్చు. మళ్లీ మొదటినుంచి జతచేసి చూడండి. బ్లూటూత్‌లో బటన్ నొక్కాక వచ్చే ఆలస్యం చిరాకు పెడితే యూఎస్‌బీ-సీ పోర్టులో నేరుగా దిగే రకం కొనండి, ఫోన్ మధ్యలో కూర్చుంటుంది, బ్లూటూత్ ఊసే ఉండదు.

ప్రశ్న: మేం ముగ్గురం కలిసి కంప్యూటర్‌కీ కన్సోల్‌కీ ఆట చేశాం. మొబైల్‌కి తేవాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఖరీదైన ఫోన్‌తో కాకుండా మూడేళ్ల నాటి మధ్యరకం ఫోన్‌తో మొదలుపెట్టండి. ఆట తెరుచుకుని, ఏ సందేశమూ లేకుండా మూసుకుపోతే నూటికి తొంభైపాళ్లు మెమరీ సమస్యే. మీ టెక్స్చర్లు (వస్తువుల మీద అతికే బొమ్మలు) బహుశా బీసీ7 అనే కుదింపు పద్ధతిలో ఉంటాయి. ఎక్కువ ఫోన్లకు ఆ భాష రాదు. రాకపోతే ఆటని నడిపే ఇంజిన్ వాటిని విప్పేసి మామూలు చిత్రంగా మెమరీలో పెడుతుంది. 2048×2048 టెక్స్చర్ బీసీ7లో 4 ఎంబీ, విప్పితే 16. అలాంటివి వందుంటే ఇంకేముంది, ఆపరేటింగ్ సిస్టమ్ మీ ఆట పీక నొక్కేస్తుంది. అన్నిటినీ ఫోన్లకు తెలిసిన ఏఎస్‌టీసీ కుదింపులోకి మార్చండి. 6×6 పిక్సెళ్ల బ్లాకులుగా కుదిస్తే అదే టెక్స్చర్ దాదాపు 1.8 ఎంబీకి వస్తుంది. అక్షరాలు, ఐకాన్లు ఉన్నవాటికి మాత్రం 4×4 ఉంచండి, 8×8 పెడితే అంచులు చెదిరిపోతాయి.

రెండోది చిత్రం గీసే తీరు. ఫోన్ చిప్ తెరని చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిని తన లోపలి చిన్న మెమరీలోనే పూర్తిచేస్తుంది. కన్సోల్‌లో అలవాటైన డిఫర్డ్ పద్ధతిలో (రంగు, లోతు లాంటి పొరల్ని ముందు గీసి, వెలుతురుని తర్వాత లెక్కించేది) నాలుగు పొరల్ని బయటి మెమరీకి రాసి మళ్లీ చదివితే, 1080 రిజల్యూషన్‌లో 60 ఫ్రేములకి ఆ ఒక్క పనికే సెకనుకి 4 జీబీ రాకపోకలు. రాకపోకలంటే కరెంటు, కరెంటంటే వేడి. వస్తువుని గీసేటప్పుడే వెలుతురునీ లెక్కించే ఫార్వర్డ్ పద్ధతికి మారండి, లేదా ఆ పొరలు గడి దాటి బయటికి పోకుండా చూడండి.

కంప్యూటర్ మీద ఎన్నడూ కనిపించని బగ్గులు ఫోన్‌లో పుట్టుకొస్తే కంగారు పడకండి, అవి ముందునుంచీ ఉన్నవే. రెండు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరుసలు) తాళం లేకుండా ఒకే డేటాని పంచుకుంటే, రాసిన వరుసని గట్టిగా పాటించే కంప్యూటర్ల ఎక్స్86 చిప్ మీద అదృష్టవశాత్తూ నడిచిపోతుంది. ఫోన్లలోని ఆర్మ్ చిప్‌కి ఆ పట్టింపు తక్కువ, వరుస మారిపోతుంది. అక్కడ అటామిక్స్ (మధ్యలో విరగని రాత-చదువులు) గానీ తాళం (లాక్) గానీ పెట్టాల్సిందే.

ఇక తెర మీద రాత. టీవీలో 24 పిక్సెళ్ల అక్షరానికి సుమారు 15 మిల్లీమీటర్ల చోటు దొరికితే ఫోన్‌లో అది ఒకటిన్నర. రెట్టింపు చేయండి. బటన్ ఏదీ 9 మిల్లీమీటర్ల కన్నా చిన్నదిగా ఉండకూడదు. ఆట మధ్యలో ఫోన్ కాల్ వస్తుంది, సిస్టమ్ వెనక ఉన్న ఆటని మెమరీలోంచి తోసేస్తుంది. కాబట్టి ఆట పక్కకి వెళ్లిన సంకేతం అందిన క్షణమే ప్రగతి భద్రపరచాలి. తర్వాతి చెక్‌పాయింట్ దాకా ఆగితే ఒక్క నక్షత్రపు రివ్యూలు ఖాయం.

ప్రశ్న: ఇంత తంటా ఎందుకు, ఇంట్లో కన్సోల్ ఉంది కదా, ఫోన్‌లో స్ట్రీమ్ చేసుకుంటే చాలదా?

జవాబు: నాలుగు వేళ్ల ఆటలకి, ఫోన్‌కి కంట్రోలర్ కలిపి ఆడితే, అదే మేలు. ఇంట్లోని కన్సోల్ నుంచి ఆటని ఫోన్‌కి పంపే ప్లేస్టేషన్ రిమోట్ ప్లేకి కనీసం 5 ఎంబీపీఎస్ వేగం కావాలి, 15 ఉంటే బాగుంటుంది. చాలామంది వేగం కొలిచి, మిగతాది వదిలేస్తారు. కన్సోల్‌ని రౌటర్‌కి కేబుల్‌తో కలపండి, ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫైలో ఉంచండి. బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయే సమస్య సగం అక్కడే పోతుంది. నొక్కిన ప్రతిసారీ కాస్త ఆలస్యం తప్పదు కాబట్టి పోరాట ఆటలు, తాళానికి తగ్గట్టు నొక్కే సంగీతపు ఆటలు మాత్రం స్ట్రీమింగ్‌లో ఆడి ఉసూరుమనకండి.

ప్రశ్న: డబ్బు పెట్టి కొన్న మొబైల్ ఆట ఎప్పటికీ ఉంటుందా?

జవాబు: ఉంటుందని నమ్మకం లేదు. ‘బయోషాక్’ 2014లో ఐఫోన్‌కి వచ్చింది, మరుసటి ఏడాదే స్టోర్ నుంచి మాయమైంది. 2017లో ఐఓఎస్ 11 వచ్చాక పాత తరం చిప్‌ల కోసం చేసిన 32 బిట్ ఆటలన్నీ తెరుచుకోవడం మానేశాయి. కొనేముందు స్టోర్ పేజీలో చివరి అప్‌డేట్ తేదీ చూడండి. రెండేళ్లు దాటితే డబ్బు జేబులోనే ఉంచుకోండి.