ఎన్నారై సందేహాలు: టబ్ జెట్ల దగ్గర నీరు కారుతోంది, మేమే బిగించుకోవచ్చా?

ప్రశ్న: మేము హైదరాబాదు నుంచి వచ్చి మూడేళ్ళయింది. ఈ మధ్యనే న్యూజెర్సీలో 1990ల నాటి ఇల్లు కొన్నాము. మేడమీది స్నానాలగదిలో వర్ల్‌పూల్ టబ్ (గోడలోని జెట్లనే రంధ్రాలలోంచి నీటిని ఊపుగా చిమ్మే స్నానపుతొట్టి) ఉంది. రెండు జెట్ల దగ్గర నీరు కారుతున్నట్టు అనుమానం. కింద భోజనాల గది సీలింగ్ మీద అరచేయంత మరక వచ్చింది, ముట్టుకుంటే ఇంకా తడిగా ఉంది. ప్లంబర్ చాలా ఎక్కువ అడుగుతున్నాడు. ఆ జెట్లు మేమే మార్చుకొని, పనిలో పనిగా ఇంకో రెండు అదనంగా పెట్టుకోవచ్చా?

జవాబు: మీ ప్రశ్న చదవగానే, 2008 మార్చిలో మా భోజనాల బల్ల మీద సీలింగ్ నుంచి ఊడిపడిన తడి జిప్సం పెచ్చు నా కళ్ళముందు మెదిలింది. మీ న్యూజెర్సీలోనే, ఎడిసన్‌లో మేము ఇల్లు కొని అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు. మీ ఇంటిలాగే మేడమీద పెద్ద పడకగది, దానిని ఆనుకొని ఆరు జెట్ల టబ్, సరిగ్గా దాని కింద భోజనాల గది. ఆ పెచ్చు ఊడిపడడానికి ముందు నేను చేసిన పనులన్నీ నాలుగు డబ్బులు మిగుల్చుకుందామని చేసినవే. వాటి వల్ల చివరకు నా చేతినుంచి పోయినది 3,400 డాలర్లు. అప్పట్లో డాలరుకు సుమారు 40 రూపాయలు కనుక, లక్షా ముప్ఫై ఆరు వేలు. మా నాన్నగారి ఏడాది పింఛను కన్నా అది ఎక్కువ. ఇన్నేళ్ళయినా ఆ అంకె నాకు నోటికి ఉంది.

అసలు కథ భోగినాడు మొదలయింది. మా అమ్మగారు ఆరు నెలల వీసా మీద వచ్చి ఉన్నారు. మోకాళ్ళ నొప్పులకు ఆ టబ్బు హాయిగా ఉందని రోజూ వేడినీళ్ళలో కూర్చొనేవారు. ఇందులో వింత ఏమీ లేదు. ఇలాంటి టబ్బులకు జాకుజీ అనే పేరు ఏ కుటుంబం నుంచి వచ్చిందో, అది కూడా ఇటలీ నుంచి కాలిఫోర్నియాకు మనలాగే వలస వచ్చి, బావుల పంపులు తయారు చేసుకుంటూ బతికిన కుటుంబమే. వారిలో కాండిడో జాకుజీ కీళ్ళవాతంతో బాధపడుతున్న తన కొడుకు కోసం టబ్బులో దించే పంపును చేయించాడు. అది 1956లో అమ్మకానికి వచ్చింది. జెట్లు టబ్బు గోడలోనే అమర్చి ఉన్న స్నానపుతొట్టి 1968లో అదే కుటుంబానికి చెందిన రాయ్ జాకుజీ చేతుల మీదుగా వచ్చింది. నొప్పి ఉన్నవారికి అది నిజంగా మేలు చేసే వస్తువు. అయితే భోగినాడు అమ్మగారు నువ్వులనూనె పట్టించుకొని, సున్నిపిండితో నలుగు పెట్టుకొని, ఆ టబ్బులోనే తలంటి పోసుకున్నారు. నేను చూస్తూ కూడా ఏమీ అనలేదు. వర్ల్‌పూల్ టబ్బులో పంపు ఆ నీటినే పీల్చి, గొట్టాలగుండా తిప్పి, మళ్ళీ జెట్లలోంచి చిమ్ముతుంది. నూనె, పిండి ఆ గొట్టాల లోపలి గోడలకు పట్టుకొని జిగురవుతాయి. నెల తిరిగేసరికి జెట్లు ఆన్ చేస్తే నల్లని పెచ్చులు నీటిమీద తేలసాగాయి, రెండు జెట్లు తిరగడం మానేశాయి. మీ ఇంట్లో పెద్దవారు ఉంటే ఈ ఒక్క విషయం ముందే చెప్పి ఉంచండి. తలంటి షవర్ కింద పోసుకోవాలి, జెట్ల టబ్బులో కాదు.

తిరగని జెట్టును విప్పడానికి అప్పటి ప్లంబర్ 280 డాలర్లు అడిగాడు. నేను నవ్వి, ప్లయర్ తీసుకొని, టబ్బు లోపలికి కనబడే జెట్ ముఖాన్ని పట్టి తిప్పాను. అది తిరిగింది. కాని తిరిగినది ముఖం ఒక్కటే కాదు, టబ్బు గోడ వెనక ఉన్న జెట్ బాడీ కూడా. ఆ బాడీకి రెండు పీవీసీ గొట్టాలు జిగురుతో అతికి ఉంటాయి. ఒకటి నీటిది, ఒకటి గాలిది. బాడీ కొద్దిగా తిరిగినా ఆ అతుకుల మీద మెలి పడుతుంది, బాడీకీ గోడకూ మధ్య నీరు కారకుండా ఆపే రబ్బరు చుట్టు, అంటే గాస్కెట్, పక్కకు జరుగుతుంది. నాకు ఇవేవీ తెలియవు. జెట్ చుట్టూ సన్నని ఖాళీ కనబడితే, టబ్బు లోపలి వైపునుంచే సిలికాన్ (సందులు మూసే మెత్తని సీలెంట్) పూసి, వేలితో నున్నగా చేసి, పని అయిపోయిందని సంతోషించాను. పైనుంచి చూస్తే చాలా అందంగా ఉంది. నీరు మాత్రం గోడ వెనక రోజుకు కొంచెం కొంచెంగా కారి, మూడు వారాల తరువాత భోజనాల బల్ల మీదికి దిగింది.

ఇన్సూరెన్స్ ఉంది కదా అని మీరు అనుకుంటున్నారేమో. నేనూ అలాగే అనుకున్నాను. గొట్టం ఒక్కసారిగా పగిలి నీరు ముంచెత్తితే ఇంటి పాలసీ సాధారణంగా ఆదుకుంటుంది. నెమ్మదిగా, చాలా రోజులుగా ఊరిన నీటికి మాత్రం చాలా పాలసీలు పైసా ఇవ్వవు. ఇన్సూరెన్స్ వారి తరఫున నష్టం చూడడానికి వచ్చిన అడ్జస్టర్ మరకలో ఉంగరాలలాగా ఒకదాని చుట్టూ ఒకటి ఏర్పడిన గీతలను వేలితో చూపించి, ఇది ఒక రోజు నీరు కాదని రెండే మాటల్లో చెప్పి వెళ్ళిపోయాడు. మీ సీలింగ్ మీద అరచేయంత మరక ఉన్నదంటే, మీది కూడా ఇప్పటికే చాలా రోజులుగా ఊరిన నీటి కిందికే రావచ్చు. మీ పాలసీ కాగితం తీసి ఆ భాగం ఈ రోజే చదవండి, డిడక్టిబుల్ (ముందు మన చేతినుంచి పెట్టుకోవలసిన మొత్తం) ఎంతో చూసుకోండి.

రెండోసారి ఇంకో తప్పు చేశాను. ఈసారి టబ్బు పక్కన ఉండే పలక తెరిచి, కొత్త గాస్కెట్ వేసి, ఇక జన్మలో కారకూడదన్న పట్టుదలతో జెట్టును టబ్బుకు పట్టి ఉంచే నట్టును పెద్ద పానాతో బిగించాను. అక్రిలిక్ అనే ప్లాస్టిక్‌తో చేసిన టబ్బు చూడడానికి రాయిలాగా ఉంటుంది గాని, అంచు దగ్గర ఒత్తిడి ఎక్కువైతే వెంట్రుకంత చీలిక ఇస్తుంది. నట్టును చేత్తో బిగినంత బిగించి, ఆ పైన పానాతో పావు చుట్టు తిప్పితే చాలు. నీటిని ఆపేది గాస్కెట్, సిలికాన్. మన కండబలం కాదు. ఆ చీలికను పూడ్పించడానికి టబ్బులు బాగుచేసే అతనికి ఇంకో 350 డాలర్లు ఇచ్చుకున్నాను. అతను పని చేస్తుంటే పక్కన కూర్చొని చూసి నేర్చుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఆ డబ్బు ఒక్కటే వృథా కాలేదని నా నమ్మకం.

మీరు చేయదలచుకుంటే ఇలా చేయండి. మొదట టబ్బు పక్కన ఉండే పలక విప్పి, మోటారు దగ్గర అతికించి ఉన్న స్టిక్కర్ మీద కంపెనీ పేరు, మోడల్ నంబరు రాసుకోండి. జెట్లు అన్నీ ఒకేలా కనబడతాయి కాని, ఒక కంపెనీ మర ఇంకో కంపెనీ దానికి ఎక్కదు. విప్పేటప్పుడు ఇద్దరు ఉండాలి. మా ఇంట్లో నా భార్య ఆ పలక సందులో పక్కకు పడుకొని, ఒక చేత్తో టార్చి, రెండో చేత్తో జెట్ బాడీని కదలకుండా పట్టుకుంటే, నేను టబ్బులో మోకాళ్ళ మీద కూర్చొని ముఖం వైపు తిప్పాను. "కదిలింది, ఆగండి" అని ఆమె రెండుసార్లు అరవకపోయి ఉంటే మూడోసారి కూడా డబ్బు పోగొట్టుకొనేవాడిని.

విప్పాక అసలు శ్రమ శుభ్రం చేయడంలోనే ఉంటుంది. కొత్త సిలికాన్ పాత సిలికాన్‌కు అతకదు కనుక, పాతది చివరి పొర దాకా ప్లాస్టిక్ గీకుడుబద్దతో తీయాలి. ఉక్కు బ్లేడు గీతలు పెడుతుంది. తరువాత రబ్బింగ్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. గోళ్ళ రంగు తీసే అసిటోన్ అక్రిలిక్‌ను కరిగిస్తుంది, దానిని దగ్గరకు కూడా రానివ్వకండి. టబ్బు వెనక వైపు ఫైబర్‌గ్లాస్ గరుకుగా, మిట్టపల్లాలుగా ఉంటుంది. గాస్కెట్ కూర్చొనే మేర, దానికన్నా ఒక వేలి వెడల్పు ఎక్కువగా, గరుకు కాగితంతో చదును చేయాలి. నా మొదటి గాస్కెట్ కూడా ఆ మిట్టల మీద కూర్చున్నదే. గీకేటప్పుడు ముక్కుకు మాస్కు పెట్టుకోండి. గాస్కెట్‌కు వాజలిన్ రాయవద్దు, చాలా రకాల రబ్బరు దానికి ఉబ్బుతుంది. రాయవలసి వస్తే సిలికాన్ గ్రీజు రాయండి. ముఖం వైపు అంచు వెనక నూటికి నూరుపాళ్ళు సిలికాన్ అని రాసి ఉన్న సీలెంట్‌ను తెగకుండా ఒకే వరుసగా పెట్టి బిగించాలి. చుట్టూ సమానంగా కొద్దిగా బయటకు ఉబికి వస్తే సరిగ్గా కూర్చున్నట్టు. ప్లంబర్ పుట్టీ చవకగా దొరుకుతుంది, కాని అక్రిలిక్‌కు పడదు. పీవీసీ జిగురు గొట్టాన్ని గొట్టానికి అతకడానికి మాత్రమే, జెట్టును టబ్బుకు అతకడానికి కాదు.

సిలికాన్ పూర్తిగా ఆరడానికి 24 గంటలు ఆగండి. మీ తరంవారు వీడియోలు చూసి నేర్చుకుంటారు, మంచిదే. అయితే పది నిమిషాల వీడియోలో ఆ 24 గంటలు కనబడవు. ఆ తరువాత టబ్బును అన్నిటికన్నా పైనున్న జెట్ కన్నా మూడు అంగుళాలు ఎక్కువ వచ్చేలా వేడినీటితో నింపి, వెనక ప్రతి అతుకు కింద పొడి పేపర్ టవల్ ముక్క పరచండి. ముందు పంపు వేయకుండా గంటసేపు వదలండి. అప్పుడు తడిసిన ముక్క గాస్కెట్ లోపమో గాలి గొట్టపు లోపమో చెబుతుంది, ఎందుకంటే పంపు ఆగి ఉన్నప్పుడు నీరు గాలి గొట్టంలోకి కూడా ఎక్కుతుంది. తరువాత పంపు వేసి పావుగంట నడపండి. అప్పుడే కారేది ఒత్తిడి పడే నీటి గొట్టపు అతుకు. నీరు లేకుండా పంపును మాత్రం ఒక్క నిమిషం కూడా నడపవద్దు, దాని సీలు మాడిపోతుంది, కొత్త పంపు అంటే మళ్ళీ వందల డాలర్లు. నేను ఇలా మూడు రోజులు వరుసగా పరీక్షించి, మూడు రోజులూ పేపర్లు కరకరలాడుతూ పొడిగా ఉన్నాకే పలక మూశాను. ఆ పలక లోపలి వైపు పెన్సిల్‌తో తేదీ రాసి పెట్టాను, 2008 మే. అప్పటినుంచి ఏటా ఒకసారి విప్పి చూస్తాను. ఇప్పటి దాకా ఒక్క చుక్క కారలేదు. ఈ మాట రాయడం నాకు ఎంతో తృప్తిగా ఉంది, ఎందుకంటే ఈ దేశానికి వచ్చే ముందు కుళాయి వాషర్ మార్చడం కూడా నాకు రాదు.

అదనంగా రెండు జెట్లు పెట్టాలన్న ఆలోచన మానుకొమ్మని నా సలహా. మీ పంపు ఇప్పుడున్న జెట్లకు సరిపడా కొలిచి పెట్టినది. ఇంకో రెండు చేరిస్తే అన్నిటిలోనూ ఊపు తగ్గుతుంది. పైగా మంచి టబ్బుకు కొత్తగా రెండు రంధ్రాలు పడతాయి. రంధ్రాలు కోసే గుండ్రని రంపం, హోల్ సా, ఒక్కసారి జారినా టబ్బు మార్చవలసి వస్తుంది, టబ్బు మార్చడం అంటే చుట్టూ ఉన్న టైళ్ళు కూడా పోతాయి. ఇల్లు కొన్న తొలి ఏళ్ళలో చేతిలో ఉన్న ప్రతి డాలరూ అత్యవసరానికి ఉండాలి. సరదాకు పెట్టిన 200 డాలర్లు నా కళ్ళముందే 2,000 అయిన సందర్భాలు ఒకటి కాదు.

పర్మిట్లు, మోటారుకు విడి సర్క్యూట్, జీఎఫ్‌సీఐ రక్షణ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే ఏర్పాటు), రాగి తీగతో బాండింగ్ (లోహభాగాలను ఒకదానికొకటి కలపడం) వంటి నియమాలు మీ టౌన్‌షిప్ కార్యాలయం వారి దగ్గర దొరుకుతాయి, చూసుకోండి. కరెంటు తీగల జోలికి మాత్రం మీరు వెళ్ళవద్దు. పలక విప్పే ముందు బ్రేకర్ ఆపివేయండి. నీటిని పీల్చే మూత మరను విప్పితే మళ్ళీ బిగించకుండా ఎవరినీ టబ్బులోకి దింపవద్దు. ఆడపిల్లల పొడుగు జుట్టు ఆ రంధ్రంలోకి లాక్కుపోవచ్చు.

మరక ఇంకా తడిగా ఉందని రాశారు కనుక, ఈ రాత్రి నుంచి టబ్బు నింపడం ఆపండి. మరక అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేయండి. వారం రోజుల తరువాత గీత లోపలే ఆరిపోతే, కారేది టబ్బే. పైన చెప్పిన పద్ధతిలో ఎక్కడ కారుతోందో పట్టుకొని మీరే బాగు చేసుకోవచ్చు, సామానుకు నాకు అప్పట్లో 40 డాలర్లు కూడా కాలేదు. టబ్బు వాడకపోయినా మరక గీత దాటి పెరిగితే, లోపం జెట్లలో కాక మరోచోట, బహుశా గోడలోని నీటి గొట్టంలో, ఉండవచ్చు. అప్పుడు మెయిన్ వాల్వ్ కట్టేసి, ఎంత అడిగినా సరే, లైసెన్సు ఉన్న ప్లంబర్‌ను ఆ రోజే పిలవండి.