మ్యాచ్ రికార్డు చేసుకోవడానికి గిరిగిరి అప్పా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమస్తాను, వయసు 36. జీతం 20 వేలు, సీజన్‌లో ఓవర్‌టైమ్‌తో 24 వేల దాకా వస్తుంది. మా ఆవిడ మిషన్ కుట్టి నెలకు 5 వేలు తెస్తుంది. ఇంట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు. ఖర్చు నెలకు 21 వేలు. ఐపీఎల్ జరిగే రోజుల్లోనే మిల్లుకు యాసంగి వడ్లు దిగుతాయి, రాత్రి పదకొండు దాటితే గానీ ఇంటికి రాను. అందుకే రికార్డింగ్ ఉన్న హెచ్‌డీ డీటీహెచ్ బాక్సు కొందామనుకుంటున్నా. 500 జీబీ డిస్క్ లోపలే ఉన్నది 9,500 అంటున్నారు. మామూలు హెచ్‌డీ బాక్సుకు బయట డిస్క్ పెట్టుకుంటే 5,500లో అయిపోతుంది. పాత టీవీ కూడా మార్చాలి కాబట్టి గిరిగిరిలో 20 వేలు తీసుకుంటున్నా. చేతికి 18 వేలిస్తారు, రోజుకు 200 చొప్పున వంద రోజులు కట్టాలి. బ్యాంకులో ఉన్న 7 వేలు కదిలించను. ఇన్సూరెన్స్ ఏదీ లేదు. రీచార్జ్ ఇప్పుడు నెలకు 350, హెచ్‌డీకి మారితే 480 అవుతుందట. ఏ బాక్సు మంచిది?

జవాబు: బాక్సు సంగతి తర్వాత చూద్దాం. ఉత్తరం చివర్లో మామూలు విషయంలా రాసిన ఆ గిరిగిరి దగ్గరే నేను ఆగిపోయాను.

రెండు వేలే కదా పోయేది అనుకుంటున్నారు. మీరు రోజూ కడుతూ పోతుంటే ఆ 18 వేలు మీ దగ్గర వంద రోజులూ ఉండవు, మర్నాటి నుంచే కరుగుతాయి. సగటున మీరు వాడుకునేది 9 వేలు. దాని మీద వంద రోజులకు 2 వేల మిత్తి. ఏడాదికి లెక్క కడితే 80 శాతం! ఊళ్లో ఎవరైనా నూటికి మూడు రూపాయల మిత్తి అంటే వాడి గడప తొక్కం. ఇది నూటికి ఆరున్నర పైమాటే. కాగితం మీద ‘మిత్తి’ అన్న మాట ఉండదు, రోజుకు 200 అని మాత్రమే ఉంటుంది, అందుకే ఎవరికీ భారం అనిపించదు. నెలకు 6 వేలు. మీ ఆవిడ నెలంతా కుట్టి తెచ్చేది 5 వేలు. ఆ మిషన్ మొత్తం గిరిగిరి కోసమే తిరిగినా ఇంకో వెయ్యి తక్కువే.

నల్గొండ ప్రకాశం బజార్‌లో చిన్న దుకాణం నడిపే ఒకాయన నా దగ్గరికి వచ్చారు. ఫ్రిజ్ కోసం ఇలాగే ఎత్తారు. నలభై రోజులు బాగానే కట్టారు. అప్పుడు పిల్లాడికి డెంగీ. వారం రోజులు షట్టర్ తీయలేదు, కిస్తీ కోసం వచ్చే మనిషి మాత్రం రోజూ సాయంత్రం వచ్చాడు. పాతది తీర్చడానికి కొత్తది ఎత్తారు. కిస్తీలు రాసే గిరిగిరి కార్డులు నాకు చూపించే నాటికి జేబులో మూడు ఉన్నాయి, నాలుగు మడతలు పడి, చెమటకు సిరా చెదిరి. ఫ్రిజ్‌కు ఒక్క కార్డు సరిపోయింది. మిగతా రెండూ చేతిలో పదివేలు లేని పాపానికి వచ్చినవి.

మీ దగ్గరా అదే లోటు. నెల ఖర్చు 21 వేలు, దాపు 7 వేలు. అంటే పది రోజులు. సీజన్ అయిపోతే ఓవర్‌టైమ్ ఉండదని మీకు నేను చెప్పాలా? గిరిగిరి మనిషికి రోజూ 200 ఇవ్వగలనని మీరే అంటున్నారు కదా, ఆ 200 మీ ఖాతాలోనే వేయండి. జీతం పడే ఖాతా వద్దు, ఏటీఎం కార్డు తీసుకోకుండా పోస్టాఫీసులో వేరే ఖాతా తెరవండి. వంద రోజులకు 20 వేలు. పాత 7 వేలు కలిపితే నెల ఖర్చు దాటి చేతిలో ఉంటుంది. మూడు నెలల ఖర్చు, అంటే 63 వేలు, అయ్యేదాకా ఆ ఖాతా మీద చెయ్యి వేయకండి.

ఇన్సూరెన్స్ ఏదీ లేదన్నారు. నలుగురు మీ జీతం మీద ఆధారపడ్డ ఇల్లు అది. బ్యాంకుకు వెళ్లి ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, సురక్షా బీమా రెండింటికీ సంతకం పెట్టి రండి. ఏడాదికి 436, 20 రూపాయలు, కలిపి 456. మీరు మారదామనుకుంటున్న హెచ్‌డీ ప్యాక్ ఒక నెల రీచార్జ్ అంత కూడా లేదు! మొదటిది, చేరి 30 రోజులు దాటాక, ఏ కారణంతో మరణించినా 2 లక్షలు, రెండోది ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. ఏటా మే నెలాఖరులో ఖాతాలోంచి కట్ అవుతుంది, అప్పుడు బ్యాలెన్స్ లేకపోతే కవర్ ఆగిపోతుంది. ఇవి మొదటి మెట్టే, దాపు ఖాతా కుదుటపడ్డాక 25 లక్షలకు తగ్గకుండా టర్మ్ పాలసీ (గడువులోపు మరణిస్తేనే ఇంటివాళ్లకు డబ్బు వచ్చేది) తీసుకోండి. తెల్లకార్డు ఉంటే ఆరోగ్యశ్రీ ఉంది సరే, అది ఆస్పత్రి బిల్లు చూస్తుంది, మంచాన ఉన్న నెలరోజుల జీతం చూడదు.

చిట్టీ ఎత్తుదామా, బంగారం తాకట్టు పెడదామా అని అడుగుతారేమో. టీవీ కోసమైతే రెండూ వద్దు.

ఇక బాక్సు. పాత టీవీ ఆడినన్నాళ్లు ఆడనివ్వండి. అది హెచ్‌డీ టీవీ కాకపోతే హెచ్‌డీ ప్యాక్‌కు డబ్బులు కట్టడం దండగ. హెచ్‌డీ రికార్డింగ్ గంటకు సుమారు 3 నుంచి 4 జీబీ తింటుంది, నాలుగు గంటల మ్యాచ్ 15 జీబీ అనుకోండి. 500 జీబీలో ముప్పై మ్యాచ్‌లు పడతాయి. చూసి చెరిపేసే మనిషికి అంత ఎందుకు? దాపు నిండాక 5,500ది నగదుకు కొనండి. కొనేముందు డీలర్‌ను ఒక్కటి అడగండి: ఒక ఛానల్ రికార్డు అవుతుంటే ఇంకో ఛానల్ చూడొచ్చా? దానికి బాక్సులో రెండు ట్యూనర్లు (ఛానల్‌ను అందుకునే భాగాలు) ఉండాలి. ఒకటే ఉంటే మ్యాచ్ రికార్డు అవుతున్నంతసేపూ మీ అమ్మగారి సీరియల్ బంద్, ఆ పంచాయితీ తీర్చడం నా వల్ల కాదు. బయటి డిస్క్‌లో రికార్డు చేసినవి చాలావరకు ఆ బాక్సులోనే ఆడతాయి, కంప్యూటర్‌కు పెడితే రావు. ఏప్రిల్ గాలివానకు సిగ్నల్ పోతే రికార్డింగ్‌లోనూ అంతసేపు ఖాళీయే.

ఈ సీజన్‌కు మాత్రం మిల్లు నుంచి వచ్చాక ఫోన్‌లో హైలైట్స్ చూసుకోండి.